చెల్లెలి విడాకులు: బాండు పేపరు కాగితం చెల్లుతుందా, వకీలుతో ఎలా వ్యవహరించాలి?

ప్రశ్న (దేవరకొండ ప్రాంతం నుంచి ఒక అన్న)

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా చెల్లెలి లగ్గం 2019 మే నెలలో నల్గొండలో చేశాము. బావ హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేస్తారు. ఇద్దరూ అక్కడే కిరాయి ఇంట్లో కాపురం పెట్టారు. పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. మొదటి ఏడాది నుంచే డబ్బు దగ్గర పేచీలు వచ్చేవి కానీ, పిల్ల పుడితే సర్దుకుంటారులే అని మేము ఊరుకున్నాము. రెండేళ్ల మూడు నెలల క్రితం ఒక రాత్రి ఆయన చెయ్యి చేసుకుని బయటికి పొమ్మంటే, చెల్లె పాపను ఎత్తుకుని తెల్లవారి బస్సుకు తల్లిగారింటికి వచ్చింది. అప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది.

ఈమధ్య బావ తరఫు పెద్దమనుషులు వచ్చి, రెండు ఊళ్ల పెద్దల సమక్షంలో వంద రూపాయల బాండు పేపరు మీద ‘ఇకమీదట ఒకరితో ఒకరికి సంబంధం లేదు’ అని రాసుకుంటే ఐదు లక్షలు ఇప్పిస్తామని చెప్పారు. మేము పెట్టిన పన్నెండు తులాల బంగారం, ఎనిమిది లక్షల కట్నం సంగతి ఎత్తితే అవన్నీ ఎప్పుడో ఖర్చయిపోయాయని అంటున్నారు. కోర్టు గడప ఎక్కితే పరువు పోతుందన్న భయంతో మా నాన్న ఆ కాగితానికే మొగ్గుతున్నారు.

నేను ఇద్దరు వకీళ్లను కలిశాను. ముందు అత్తమామల మీద, ఆడబిడ్డ మీద కలిపి క్రిమినల్ కేసు పెడితే అందరూ లోపలికి పోతారని, అప్పుడు వాళ్లే దిగివస్తారని మొదటి ఆయన అన్నారు. రెండవ ఆయన వివరాలేమీ అడగకుండానే నాలుగు తెల్లకాగితాల మీద చెల్లె సంతకాలు పెట్టించుకుని రమ్మన్నారు. ఇద్దరి మాటా నా మనసుకు పట్టలేదు. చెల్లె మాత్రం ఇక ఆ ఇంటికి పోనని గట్టిగా చెబుతోంది, ‘అత్త నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు, ఆమెను స్టేషను మెట్లు ఎక్కించవద్దు’ అని కూడా అంటోంది. పెద్దల కాగితం చెల్లుతుందా? చెల్లకపోతే కేసు ఎక్కడ వేయాలి, ఎంతకాలం పడుతుంది? నమ్మదగిన వకీలును ఎలా గుర్తించాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (నల్గొండ జిల్లాలో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది)

నమస్కారం. ముందుగా ఒక మాట. ఇద్దరు వకీళ్ల దగ్గరికి మీరు వెళ్లారు, పెద్దమనుషులతో మీ నాన్నగారు మాట్లాడారు, కానీ ఈ కేసులో కక్షిదారు మీ చెల్లెలు. మూడవ వకీలు దగ్గరికి ఆమెను తీసుకుని వెళ్లండి, కాసేపు మీరు గది బయట కూర్చోండి. అన్న ఎదుట, తండ్రి ఎదుట ఆడపిల్ల చెప్పలేని సంగతులు కొన్ని ఉంటాయి, కేసుకు ఒక్కోసారి అవే ముఖ్యమవుతాయి. ఆమెతో నేరుగా మాట్లాడటానికి ఇష్టపడని న్యాయవాదికి వకాల్తా ఇవ్వకండి.

ఇక బాండు పేపరు విషయం. హిందూ వివాహ చట్టం, 1955 కింద జరిగిన పెళ్లి కోర్టు డిక్రీతోనే రద్దవుతుంది. కులాచారం ప్రకారం విడిపోయే హక్కును అదే చట్టంలోని 29వ సెక్షన్ కాపాడుతున్న మాట నిజమే కానీ, అటువంటి ఆచారం తమలో అనాదిగా నిరాటంకంగా ఉన్నదని చెప్పేవారే దానిని కోర్టులో సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి. ఉత్త కాగితాన్ని నమ్మి రేపు మీ చెల్లెలు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద అది నేరమవుతుంది. మీ బావగారికీ ఇదే వర్తిస్తుంది. ‘ఇకపై మనోవర్తి అడగను’ అని అందులో రాయించుకున్నా పాప పోషణ హక్కును వదులుకునే అధికారం తల్లికి లేదు, ఎందుకంటే అది పాప హక్కు. అలాగని పెద్దలతో కూర్చోవడాన్ని నేను వద్దనడం లేదు. అక్కడ కుదిరిన షరతులు న్యాయంగా ఉంటే వాటినే ఉమ్మడి పిటిషనులో రాసి కోర్టు ముందు పెట్టవచ్చు.

పిటిషను వేయడానికి హైదరాబాదు వెళ్లనవసరం లేదు. పెళ్లి జరిగిన చోట, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట, ఎదుటి పక్షం నివసిస్తున్న చోట వేయవచ్చు. పిటిషను వేసేది భార్య అయితే ఆమె ప్రస్తుతం ఉంటున్న చోట వేసే వీలును 2003లో చట్టానికి చేర్చారు. ఒకవేళ మీ బావగారే ముందుగా హైదరాబాదులో వేస్తే, పసిపిల్లతో ప్రతి వాయిదాకూ అంత దూరం రాలేనని కారణం చూపి కేసును ఇటు మార్చమని హైకోర్టును కోరవచ్చు.

దారులు రెండు. ఇద్దరూ ఒప్పుకుంటే 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులు. ఇందుకు కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. పిటిషను వేసిన తరువాత ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకముందే ఇద్దరూ మళ్లీ హాజరై తమ అంగీకారాన్ని నిలుపుకోవాలి. ఈ ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషను వేసేనాటికే ఏడాదిన్నరగా విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంరక్షణ వంటివన్నీ తేలిపోయి ఉంటే ఆ గడువును మినహాయించమని కోరవచ్చు. రెండేళ్లు దాటింది కనుక, షరతులు కుదిరితే మీ చెల్లెలికి ఈ వెసులుబాటు అందుతుంది. 2023లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పును చూపి ‘ఇప్పుడు వెంటనే విడాకులు ఇచ్చేస్తున్నారట’ అని చాలామంది నా దగ్గరికి వస్తున్నారు. అలా గడువు లేకుండా నేరుగా విడాకులు ఇచ్చే అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుదే, జిల్లాలోని కోర్టుకు అది లేదు.

ఆయన ఒప్పుకోకపోతే 13వ సెక్షన్ కింద క్రూరత్వం, విడిచిపెట్టడం అనే కారణాలు చూపవలసి ఉంటుంది. ఇల్లు వదిలి వచ్చింది ఆమె కదా, విడిచిపెట్టింది ఆయనెలా అవుతాడని మీ వాళ్లు అడగవచ్చు. గడప దాటింది ఎవరని మాత్రమే కోర్టు చూడదు, దాటక తప్పని స్థితి కల్పించింది ఎవరని కూడా చూస్తుంది. దీనికి రెండేళ్ల ఎడబాటు కావాలి, మీకు అది నిండింది. నోటీసు, రాజీ ప్రయత్నం, కౌంటరు (ఎదుటి పక్షం రాతపూర్వక జవాబు), చీఫ్ అఫిడవిటు (ప్రమాణం చేసి రాసి ఇచ్చే సాక్ష్యం), క్రాస్ (సాక్షిని ఎదుటి వకీలు ప్రశ్నించడం), వాదనలు ఇలా ఒక్కో మెట్టు దాటుకుంటూ పోవాలి కనుక దీనికి సంవత్సరాలు పట్టే అవకాశం ఉంది. ఇన్ని నెలల్లో తెప్పిస్తానని మాట ఇచ్చేవారిని నమ్మవద్దు.

కేసు తేలేలోగా ఆమె బతుకుతెరువు ఆగకూడదు. 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం అడగాలి. ఎదుటి పక్షానికి నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, దానిని తేల్చాలని చట్టం చెబుతోంది. 2020 నాటి రజనేష్ వర్సెస్ నేహా సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆదాయాలు, ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణ పత్రాలు దాఖలు చేయాలి, భరణాన్ని దరఖాస్తు చేసిన తేదీ నుంచి ఇవ్వాలి. ఇది కాక భరణం అడగడానికి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ ఉంది, గృహహింస చట్టం, 2005 కూడా ఉంది. భర్త ఆస్తిలో సగం భార్యకు వస్తుందన్న ప్రచారం మాత్రం నిజం కాదు. ఇద్దరి ఆదాయాలు, ఆస్తులు, పరిస్థితులు చూసి కోర్టు శాశ్వత భరణం నిర్ణయిస్తుంది.

బంగారం మీ చెల్లెలి స్త్రీధనం. అది అత్తవారి దగ్గర ఉన్నంత మాత్రాన వారిది కాదని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. ఇచ్చిన కట్నాన్ని కూడా ఆమెకే అప్పగించాలని వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ అంటుంది. కట్నం ఇవ్వడం కూడా నేరమే కదా, ఎలా చెప్పుకుంటామని భయపడేవారు ఉన్నారు. బాధితురాలు ఇచ్చే వాంగ్మూలం ఆధారంగా ఆమె మీదే ఆ చట్టం కింద కేసు పెట్టరాదని అదే చట్టంలో రక్షణ ఉంది.

క్రిమినల్ కేసు గురించి మీ చెల్లెలు చెప్పిందే సరైన మాట. ఆమెను కొట్టినది నిజం కనుక, భర్త మీద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది, చేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఏ పాపం ఎరుగని అత్త పేరు చేరిస్తే, రేపు క్రాస్‌లో మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది, అక్కడ ఆమె తడబడితే తిన్న దెబ్బలను కూడా ఎవరూ నమ్మరు. అందరూ లోపలికి పోతారన్నది కూడా సరికాదు. ఇటువంటి కేసుల్లో యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని 2014లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది.

జవాబు (జడ్చర్ల నుంచి ఒక సోదరి)

అన్నా, మీ ప్రశ్న చదువుతుంటే నా సంగతే ఎవరో రాసినట్లు అనిపించింది. నాది మహబూబ్‌నగర్‌లో 13-బి కింద తేలింది. చట్టం గురించి వకీలు గారు చెప్పారు కనుక నేను వకీలుతో గడిచిన నా అనుభవం మాత్రమే రాస్తాను.

మొదట పెట్టుకున్న వకీలు మా నాన్నతోనే మాట్లాడేవారు. నేను పక్కనే కూర్చున్నా ‘అమ్మాయి ఏమంటోంది’ అని నాన్ననే అడిగేవారు. పిటిషను కోర్టులో పడ్డాక చదివితే, నేను అనని మాటలు, జరగని సంఘటనలు అందులో ఉన్నాయి. అడిగితే ‘అలా రాస్తేనే బలం’ అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ‘పైన రాసినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అన్న వాక్యం కింద ఉన్నది నా సంతకం. ఆ తరువాత వకీలును మార్చుకున్నాను. అందుకే చెబుతున్నాను, తెల్లకాగితం మీద సంతకం పెట్టించకండి. పిటిషను ఇంగ్లిషులో ఉంటే తెలుగులో చదివి వినిపించమని అడిగి, ప్రతి పేరా విన్న తరువాతే చెల్లె సంతకం చేయాలి. దాఖలు చేసిన ప్రతిదానికీ ఒక నకలు ఇంట్లో ఉండాలి.

రెండవ వకీలు ఒక మేడమ్. మొదటి రోజే ఫీజు ఎంతో, పిటిషనుకు ఎంత, మధ్యంతర దరఖాస్తులకు ఎంత, పై ఖర్చులు ఏమేమి ఉంటాయో ఒక కాగితం మీద రాసి ఇచ్చారు, ఇచ్చిన ప్రతిసారీ రసీదు రాశారు. వచ్చే భరణంలో ఇంత వాటా ఇవ్వాలని అడిగేవారు ఉంటారు, వకీళ్ల నియమావళి ప్రకారం అలా అడగకూడదని ఆమే నాకు చెప్పారు. వాయిదా తేదీ కోసం రోజూ ఫోను చేసి విసిగించకుండా, కేసుకు ఉండే పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరును ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి నేనే చూసుకునేదాన్ని. అనుమానాలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని, నెలకు ఒకసారి వెళ్లి అన్నీ కలిపి అడిగేదాన్ని. అలా చేస్తే ఆమెకూ సమయం కలిసి వచ్చేది, నాకూ జవాబులు నింపాదిగా దొరికేవి.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. చివరి హాజరుకు ముందు ఎవరైనా తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు, 1991 నుంచి సుప్రీంకోర్టు మాట అదే. అందువల్ల ఒప్పుకున్న మొత్తంలో సగం పిటిషను వేసిన రోజున, మిగతా సగం రెండవసారి హాజరైన రోజున జడ్జి గారి ముందే డీడీ రూపంలో ఇచ్చేటట్లు మా ఒప్పందంలో రాయించారు. బంగారం ఎన్ని తులాలు, ఏ ఏ నగలు, ఏ తేదీన తిరిగి ఇవ్వాలో కూడా అందులోనే ఉంది. మాకు ఒక బాబు. నెలలో ఏ ఆదివారాలు తండ్రి దగ్గరికి వెళ్లాలి, దసరా సెలవులు ఎలా పంచుకోవాలి, బడి ఫీజు ఎవరు కట్టాలి అన్నవి రాయించడానికే మాకు మూడు సార్లు మీడియేషను పట్టింది. డబ్బు కన్నా దానికే ఎక్కువ సమయం ఇవ్వండి. పాప రేపు పెద్దదై చదువుకునేది ఆ పేజీనే.

జవాబు (దేవరకొండ దగ్గరి తండా నుంచి)

మా లంబాడా తండాల్లో నాయక్ (తండా పెద్ద) సమక్షంలో పంచాయితీ జరిగి, ఇచ్చిపుచ్చుకోవడాలు తేలిన తరువాత విడిపోవడం తాతల కాలం నుంచీ ఉంది. బాండు పేపరు చెల్లదని అందరికీ ఒకటే మాట చెప్పడం సరికాదేమో పరిశీలించగలరు.

జవాబు (నల్గొండ న్యాయవాది)

మీరు గుర్తు చేసినందుకు కృతజ్ఞతలు, నేను ఆ సంగతి విడిగా చెప్పవలసింది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని ఆ చట్టం 2వ సెక్షన్‌లోనే ఉంది, లంబాడాలు ఇక్కడ షెడ్యూల్డ్ తెగే, కాబట్టి తండాలో మీ ఆచారానికి ఉన్న స్థానం వేరు. అయినా ఉద్యోగంలో, పింఛనులో, మరో పెళ్లి విషయంలో ఎవరైనా ప్రశ్నించినప్పుడు ఆ ఆచారాన్ని, ఆ నాటి పంచాయితీని రుజువు చేసుకోవలసిందే. అందుకే పంచాయితీ కాగితంలో హాజరైన పెద్దల పేర్లు, తేదీ, ఇరువైపుల సంతకాలు స్పష్టంగా ఉండేలా చూసుకుని, వివాహం రద్దయిందని కోర్టు నుంచి డిక్లరేషను తెచ్చుకోవడం క్షేమం.

జవాబు (కోర్టులో పనిచేసి రిటైరైన ఉద్యోగి)

బాబూ, ఫీజు గురించి మీ నాన్నగారు వెనకాడుతుంటే ఈ మాట చెప్పండి. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం ఆదాయం ఎంతన్నదానితో పని లేకుండా ప్రతి మహిళకూ ఉచితంగా వకీలును పొందే హక్కు ఉంది. ఎస్సీ, ఎస్టీలకూ అంతే. నల్గొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు ఇస్తే చాలు, వెళ్లే ముందు 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. ఉచితమంటే శ్రద్ధ ఉండదని అనుకోకండి. ఆ ప్యానెల్‌లో పనిచేసిన మంచి వకీళ్లను నేను ఎంతోమందిని చూశాను. నచ్చకపోతే కారణం చెప్పి మరొకరిని కేటాయించమని అడగవచ్చు.

పరువు గురించి ఒక మాట. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ కేసుల విచారణ తలుపులు మూసే జరగాలి. అక్కడి విషయాలను అచ్చు వేయడం కూడా నిషేధం. కుటుంబ న్యాయస్థానంలో జడ్జి గారు కక్షిదారులను పిలిచి నేరుగా మాట్లాడతారు, తెలుగులోనే అడుగుతారు. నేను చూసిన ఆడపిల్లల్లో చాలామంది మొదటి రోజు వణుకుతూ వచ్చినవారే. తడుముకున్నా ఫరవాలేదు, జరిగింది జరిగినట్లు చెప్పమనండి.

డిక్రీ వచ్చిన తరువాత దాని నకలును ఇరు పక్షాలకూ ఒక్కొక్కటి ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది, అడిగి తీసుకోండి. వాదోపవాదాల మీద వచ్చిన డిక్రీ అయితే అప్పీలు గడువు ముగిసిందాకా, అప్పీలు వేసి ఉంటే అది తేలిందాకా మరో పెళ్లి మాట తలపెట్టవద్దు.

ప్రశ్న అడిగిన అన్న

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు రాసినదంతా చెల్లెకు ఫోనులో చూపించాను. తనే కూర్చుని రెండు సార్లు చదివింది, తరువాత నాన్న దగ్గరికి వెళ్లి ‘కాగితం మీద సంతకం చేయను, ఉమ్మడి పిటిషనుకు ఒప్పుకుంటే మాట్లాడండి’ అని తనే చెప్పింది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు, చివరికి సరే అన్నారు. సోమవారం నల్గొండ వెళుతున్నాము, వకీలుతో తను లోపల మాట్లాడుతుంది, నేను బయట పాపను చూసుకుంటాను. మొదటి రోజు ఏమేమి తీసుకుని వెళ్లాలో ఒకసారి చెప్పగలరా?

జవాబు (నల్గొండ న్యాయవాది)

లగ్నపత్రిక, పెళ్లి ఫోటోలు, ఇద్దరి ఆధార్ కార్డులు, పాప జనన ధ్రువపత్రం, హైదరాబాదు ఇంటి కిరాయి ఒప్పందం, బావగారి జీతం తెలిపే కాగితం ఏదైనా ఉంటే అది, బంగారం కొన్న బిల్లులు తీసుకుని వెళ్లండి. బిల్లులు లేకపోతే నగలు వేసుకుని ఉన్న ఫోటోలు పనికి వస్తాయి. దెబ్బలకు ఆసుపత్రిలో చూపించుకుని ఉంటే ఆ చీటీ తప్పనిసరిగా పెట్టుకోండి. వీటన్నిటికన్నా ముందు, పెళ్లినాటి నుంచి ఇప్పటిదాకా జరిగినవి తేదీల వరుసలో, తన మాటల్లో, తన చేతిరాతతో రెండు మూడు పేజీలు రాయమనండి. తన వైపు జరిగిన పొరపాట్లు ఉంటే అవి కూడా దాచకుండా రాయాలి, ఎదుటి వకీలు నోట మొదటిసారి వినడం కన్నా మా వకీళ్లకు ముందే తెలియడం మేలు. ఆయన పంపిన వాట్సాప్ సందేశాలను తుడిచివేయవద్దు. ఫోను మార్చవలసి వచ్చినా పాత ఫోనును అమ్మకుండా బీరువాలో ఉంచండి, వాటిని సాక్ష్యంగా దాఖలు చేసేటప్పుడు ఏ ఫోను నుంచి తీశామో ధ్రువపత్రం ఇవ్వవలసి ఉంటుంది.